ఛార్జి లిస్టు

రిటైరైన మూడో రోజున
కోరాడ సూర్రాజు మాస్టారు
వన్ టౌన్ మున్సిపల్ హైస్కూల్లో
మెట్ల కింది గది తాళం నా చేతికిచ్చారు.
ఎడం చేత్తో ఇచ్చారు.
స్కౌట్లకి కరచాలనమూ ఎడం చేత్తోనే.
"ఏటమ్మా నవ్వుతున్నావు? లెక్క సూసుకో ముందు."

గుడారాలు నాలుగు. ఒకదానికి నడిమి గుంజ లేదు.
బ్యూగిల్ ఒకటి, పలకదు.
సిగ్నల్ జెండాలు, ఎలక కొట్టినవి కలిపి, పన్నెండు.
ప్రథమ చికిత్స పెట్టెలో
టింక్చర్ ఎండిపోయిన సీసా,
దాని పక్కన ఎవరిదో పాలపన్ను, కాగితంలో చుట్టి.
అది ఏ పద్దు కింద రాయాలో
ఇద్దరికీ తోచలేదు.

నిల్వ సొమ్ము
మూడువందల పన్నెండు రూపాయల యాభై పైసలు.
ఆ అర్ధరూపాయి ఎవరూ తీసుకోరు గనక
ఏళ్ళ తరబడి లెక్క తప్పకుండా ఉంది.

అన్నిటి మీదా నల్లటి పొడి.
పోర్టు బొగ్గు గాలికి ఇటే వస్తుంది.
రిజిస్టరు తెరిచేసరికి
సంతకానికి ముందే
నా వేలిముద్ర పడింది.

పోర్టు ఆసుపత్రిలో ఓపీ చీటీలు రాసే మనిషిని నేను.
మావాడు ఈ ట్రూపులో రెండేళ్ళున్నాడని,
మీటింగులో వద్దనకుండా తల వంచుకున్నానని
నన్ను ఎన్నుకున్నారు.
తల వంచింది ఫోను చూసుకోడానికి.

జీతం లేదు. ఇక శనివారమూ లేదు.
మార్చిలోగా పునర్నమోదు, తలకింత చందా,
జిల్లాకు మూడు ప్రతులు,
క్యాంపుకి తల్లిదండ్రుల సమ్మతి పత్రాలు.
సగం మంది అమ్మలు చీకటితోనే
గంపలెత్తుకుని పోతారు,
వేలిముద్రకి హార్బరు దాకా నేనే వెళ్ళాలి.

తాళ్ళు పదకొండుండాలి.
పదే ఉన్నాయి.
"ఒకటి యల్లాజీ కాడుంది" అన్నారు మాస్టారు.
గరికిన యల్లాజీ, తొమ్మిదో తరగతి.
ముడులు రావట్లేదని ఏడిస్తే
ఇంటికి తీసుకెళ్ళి వేసుకోమన్నారట.
ఆ శనివారం తర్వాత మరి రాలేదు.

హాజరు పట్టీ తిరగేశాను.
గై. గై. గై. గై.
రెండేళ్ళ నాలుగు నెలలు,
ఒకే సిరా, ఒకే ఓపిక.
చందా మాత్రం కట్టినట్టే ఉంది.
ఎవరు కట్టారని నేనడగలేదు.
మూడు నెలలు రాకపోతే పేరు తీసెయ్యాలని
అట్ట లోపలే అచ్చేసి ఉంది.

"కొట్టేద్దామా మాస్టారూ?"
ఆయన కళ్ళజోడు తుడిచారు. మళ్ళీ తుడిచారు.
"గుంటడు తాడు తేవాలి గదమ్మా.
పేరు కొట్టేస్తే ఎవుడ్నడుగుతాం?"

సమ్మతి పత్రాలతో వెళ్ళిన తెల్లవారుజామున
డాల్ఫిన్స్ నోస్ మీద దీపం ఇంకా తిరుగుతోంది.
ఐసు పెట్టెల మధ్య కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని
ఒక్కో అమ్మనీ వెతుకుతున్నాను.
"మేడం, కాలు!" అన్నారెవరో.

మడమ దగ్గర ఇనప గుంజ.
దానికి ఒక బోటు తాడు,
రెండు చుట్లు, రెండో చుట్టు కింద దూరిన కొస.
మా పిల్లలు పరీక్షలో
మూడుసార్లు తప్పే ముడి.
కొసన ఎర్ర దారం.
మా గదిలో పదింటికీ అదే దారం.

బోటు మీద ఒక కుర్రాడు
బకెట్టుతో నీళ్ళు కొడుతున్నాడు.
వీపే కనబడింది.
పేరు నాలిక దాకా వచ్చింది.
ఎర్ర దారం బజార్లో ఎవరైనా కొనుక్కోవచ్చు.
చేతిలో పదిహేడు కాగితాలు, ఇంకు డబ్బీ,
ఆసుపత్రి డ్యూటీకి ఇంకా గంటన్నర.
చుట్టూ తిరిగి వెళ్ళిపోయాను,
తాడు తొక్కకుండా.

శనివారం హాజరులో ఆ పేరు చదివితే
"రాలేదండీ" అన్నారు పిల్లలు, అలవాటుగా.
గై పెట్టాను.

లిస్టులో తాళ్ళకెదురుగా
పదకొండని వేసి, రిమార్కుల్లో రాశాను:
పది గదిలో, ఒకటి వాడకంలో.

మాస్టారు చదివారు.
కాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుని
సంతకం చేశారు.
"బ్యూగిల్ సంగతి జిల్లాకి రాయమ్మా,
నానారుసార్లు రాసేను."