పావు మలుపు

కైనూ అడవుల్లో శనివారం.
షెడ్డు బయట మైనస్ పదిహేను.
లోపల పొయ్యి చుట్టూ నలుగురం, మరి పదకొండు రంపాలు.
కాఫీ కంటే ముందు వాదన మరుగుతుంది.

ఏడు కిలోలు తూగనిది రంపమే కాదంటాడు ఉర్హో,
కూరగాయల కత్తట.
అతనిది డెబ్బైల నాటి సరుకు. మెగ్నీషియం ఒళ్లు,
చెయిన్‌కి బ్రేకు లేదు, పిడికి రబ్బరు లేదు.
ముప్పై చలికాలాలు దాని వణుకు తాగి తాగి
అతని వేళ్లు కొసల్లో తెల్లగా చచ్చిపోయాయి.
మంచి యంత్రం మనిషి మీద సంతకం పెడుతుంది, చూడండి,
అని ఆ వేళ్లే చూపిస్తాడు, పతకాల్లాగా.

ఒస్సికి ఇరవై ఆరేళ్లు.
అతని రంపానికి స్క్రూలే లేవు. లోపల ఏదో చిప్పు
చలిని, ఎత్తుని, పెట్రోలుని లెక్కగట్టి
తన శ్రుతి తనే సరిచేసుకుంటుందట.
"కట్టెలు కూడా అదే మోసుకొస్తుందా?" ఉర్హో.

మార్టి మాట్లాడడు. సైలెన్సర్ ఊడదీసి
ఇంకో కన్నం పొడిచాడు మొన్న.
ఇప్పుడతని రంపం మొదలైతే
రెండు చెరువుల అవతల కుక్కలు లేస్తాయి.
గడ్డకట్టిన బర్చ్‌కి పన్ను మూల గుండ్రంగా ఉండాలా, చదరంగా ఉండాలా
అన్న ఒక్క విషయం మీద మాత్రం
సొంత బావమరిదితో నాలుగేళ్లు పలకలేదు.
పుర్రెకో బుద్ధి. నేను బిల్లులు రాసుకుంటాను.

నాకీ పని నేర్పింది ఉర్హోనే. పదహారేళ్లు నాకప్పుడు.
చేతికి స్క్రూడ్రైవర్ ఇవ్వలేదు చాన్నాళ్లు.
ముందు విను రైలీ, అనేవాడు.
గాల్లో పూర్తి వేగం మీద రంపం కొంచెం నత్తిగా పలకాలి.
దుంగలోకి దించగానే ఆ నత్తి పోవాలి.
ఎత్తగానే మళ్లీ రావాలి.
నత్తి లేకుండా తియ్యగా పాడేదాన్ని నమ్మకు,
అది ఆకలితో పాడుతోంది.
నూనె అందదు, పిస్టన్ ఒళ్లు గీరుకుపోతుంది,
చచ్చేముందు గంట సేపే దానికా గొంతు.

ఇవాళ తన రంపం తానే సరిచేసి తెచ్చాడు.
మంచులో మోకాలు ఆనించి తాడు లాగాడు.
రెండో లాగుకే అందుకుంది.
ఎంత శుభ్రంగా పాడిందో!
ఒక్క తడబాటు లేదు, తీగ లాగినట్టు.
ఒస్సి ఫోనులో అంకె చూసి నా వైపు చూశాడు.
మార్టి కప్పులోకి చూసుకున్నాడు.
"విన్నారా నత్తి?" అన్నాడు ఉర్హో, మొహమంతా వెలుగు.

ఎప్పటి నత్తి వింటున్నాడో అతను.

విన్నాం, అన్నాను.
అతను చక్కెర కోసం లోపలికెళ్లాడు.
స్క్రూ గాడి ఎప్పుడూ పెట్రోలు మూత వైపే చూడాలి అతనికి.
గడియారం ముల్లుకి ఎదురు, పావు మలుపు తిప్పాను.
చేతులు దొంగతనం చేసినట్టే వణికాయి,
చలి కూడా ఉందనుకోండి.

తిరిగొచ్చి బర్చ్ దుంగ కోశాడు.
పసుపుపచ్చ పొట్టు బూట్ల మీద పడింది, లావుగా, పొడి పొడిగా.
ఆపాక రంపాన్ని పక్కకి వంచి
ఆ గాడి కేసి చాలాసేపు చూశాడు.
కళ్లు ఇంకా బాగానే ఉన్నాయి అతనికి.
ఏమీ అనలేదు. కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

వారమంతా నాకు నిద్ర సరిగ్గా లేదు.

మళ్లీ శనివారం, అందరికంటే ముందొచ్చాడు.
రంపం నా బల్ల మీద పెట్టాడు.
దాని మీద తన పాత స్క్రూడ్రైవర్,
కర్రపిడి నా వైపుకి తిప్పి.
బూట్ల మంచు దులుపుకుంటూ అడిగాడు,
ఒస్సి దాని బరువెంత అని.
నాలుగున్నర కిలోలు, కాస్త గట్టిగా చెప్పాను.
"కూరగాయల కత్తి" అన్నాడు.