పేదల కుర్చీ

బోర్డులో మూడో వంతు కుర్చీలు పేదవాళ్ళవి.
రూలు అది.
నాది కిటికీ పక్కది. అవతల సెయింట్ జాన్ నది,
మార్చి సగమైనా మంచు విడవని నది,
దాని అవతలి ఒడ్డు కెనడా.

రోజేర్ రిటైరవుతున్నాడు, ముప్పై ఒక్కేళ్ళకి.
తాళాల గుత్తి విప్పి బల్లమీద పరిచి
ఏది ఏ గదిదో చీటీలు కడుతున్నాడు.
ఒక చెవి మాత్రం దేనిదో ఆయనకీ తెలీదు.

ఆయన చోటికి మనిషి కావాలి.
ప్రకటన రాస్తూ
జీతం అంకె దగ్గర అందరం కాసేపు ఆగాం.
"పేదరికం మీద పని చెయ్యడానికి ఇంతా?" అంది చర్చి తరఫు ఆవిడ.
"తగ్గిస్తే ఎవరొస్తారు?" అన్నాడు బ్యాంకు నోర్మన్.
నేను ఆ అంకెని లోలోపల
ఆయిలు గ్యాలన్లలోకి మార్చుకున్నాను.
మా వీధి వీధంతా వెచ్చబడింది,
ఒక్క నిమిషం.

మొదటాయన బోస్టన్ నుంచి.
బూట్ల మీద రోడ్డు ఉప్పు మరక కూడా లేదు.
గోడ మీద గీతలు చూపించాడు,
అన్నీ పైకే వెళ్తున్నాయి.
నా వంతుకి వాళ్ళిచ్చిన ప్రశ్న తొమ్మిదోది:
మీ నాయకత్వ శైలిని వివరించండి.
నేనది చదవలేదు.
"ట్యాంకులో ఆయిలెంతుందో
కర్ర ముంచి చూశారా ఎప్పుడైనా?" అన్నాను.
నోర్మన్ దగ్గాడు.
"గేజి ఉంటుంది కదండీ," నవ్వాడాయన.
ఉంటుంది.
అది పాడయ్యాకే కదా కర్ర.

రెండో ఆవిడ రాష్ట్ర ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగి.
"లేదు. చూపిస్తే నేర్చుకుంటాను," అంది.
నచ్చింది నాకు.
కానీ నిధుల్లో కోత పడితే ముందు ఏది ఆపుతారంటే
రెప్ప వెయ్యకుండా
పసిపిల్లల బడి బస్సు, అంది.
చెప్పిన కారణాలు సరైనవే.
అందుకే భయమేసింది.

మూడో మనిషి థియా లావెర్తూ.
పైన బంగాళాదుంప పొలాల మధ్య పుట్టింది.
"మా ఇంట్లో కర్ర కాదు, విరిగిన హాకీ స్టిక్.
తడి రెండంగుళాలు దాటితే
ఆ రాత్రి అమ్మ నిద్రపోయేది."
గదిలో ఎవరూ కాగితం కూడా తిప్పలేదు.

వెళ్తూ వెళ్తూ కాఫీ బల్ల దగ్గర
రెండు చక్కెర పొట్లాలు కోటు జేబులో వేసుకుంది.
ఆమె చూడలేదు, చెయ్యే వేసుకుంది.
చూసింది నేనొక్కదాన్నే.
నా సంచిలో అప్పటికే నాలుగున్నాయి.

"మనలోంచి వచ్చిన మనిషి," అన్నారు అందరూ,
ఇక చర్చే అక్కర్లేనట్టు.
నాకు మా జినెట్ గుర్తొచ్చింది.
మా పిన్ని కూతురు. నాతో ఒకే దుప్పట్లో పడుకుంది.
ఇప్పుడు ఫుడ్ స్టాంపుల ఆఫీసులో అద్దం వెనక కూర్చుని
ఒక సంతకం తక్కువైందని
మా అమ్మని రెండుసార్లు తిప్పి పంపింది.
ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళుంటారు.
ఆ పొగ ఈ ఒడ్డున ఉన్నవాళ్ళ కళ్ళకే తగుల్తుంది.

ఆ చక్కెర పొట్లాలు దేనికి సాక్ష్యం?
మరిచిపోలేదనా,
మళ్ళీ ఆ చలిలోకి వెళ్ళకుండా
ఏమైనా చేస్తుందనా?

"ఒడీల్, నువ్వేమంటావ్?" అన్నాడు నోర్మన్.
పేదల కుర్చీలో కూర్చున్నాక
పేదల గురించి అన్నీ తెలిసుండాలి కాబోలు.
"మా కజిన్ ఒకతుంది," అని మొదలుపెట్టి
ఆపేశాను.
చెయ్యెత్తాను, థియాకే.
అందరి చేతులూ లేచాయి,
నాది కాస్త ఆలస్యంగా.

రోజేర్ ఆ చీటీ లేని తాళంచెవిని
గుత్తిలోనే ఉంచేశాడు.
"ఆమె కనుక్కుంటుందిలే," అన్నాడు.

చీకటి పడ్డాక ఇంటికెళ్ళి కర్ర ముంచాను.
అంగుళంన్నర.
కొత్త డైరెక్టరు జూన్‌లో చేరుతుంది.