పళ్ళతో వినేవాడు

ఒక్బాజ్‌గికి చెవులు పోయి ఇరవై ఏళ్ళు.
బాయిలర్ కడుపులో కూచుని
బయటినుంచి రివెట్లు కొట్టించుకున్నవాడికి
అవి అన్నాళ్ళు ఉండడమే ఎక్కువంటాడు.

యుద్ధం అయిపోయింది, మళ్ళీ రైలు వేస్తున్నాం,
పాతవాళ్ళంతా అస్మరా షెడ్డుకు రండని
రేడియోలో పిలిస్తే
వినపడనివాడే అందరికన్నా ముందొచ్చాడు,
డెబ్భై తొమ్మిదేళ్ళ వయసులో, తన సుత్తి తనే మోసుకుంటూ.
భార్య లెతెబ్రహాన్ విని
గోడమీద బొగ్గుతో రాసి చూపించిందట.

నేను తుపాకి అప్పగించి వచ్చాను.
నాకు తెలిసిన పట్టాలన్నీ
తలమీద అడ్డంగా ఉండేవి, కందకానికి కప్పుగా.
ఆ ఉక్కు స్లీపర్ల కింద నాలుగు వానాకాలాలు పడుకున్నాను.
అవి రైలువని ఎవరూ చెప్పలేదు.
ఇప్పుడు వాటినే పీకి, మట్టి దులిపి,
ఒంటెల మీద కట్టి తెస్తున్నాం.
ఒకదాని మీద తూటా సొట్ట.
నా బొటనవేలు సరిగ్గా పడుతుంది అందులో.
నాకు తగలాల్సింది అది.
ముసలాయన తిప్పి చూశాడు.
"సొట్ట పైకి పెట్టకు, నీళ్ళు నిలుస్తాయి."

పట్టాకీ పట్టాకీ మధ్య తొంభై అయిదు సెంటీమీటర్లు.
ఒక మేక అడ్డంగా పడుకుంటే సరి.
ఆ కాస్త సందు మీదే
ఎర్ర సముద్రం ఒడ్డునుంచి మబ్బుల దాకా
ఉప్పూ, సైనికులూ, పెళ్ళివాళ్ళూ ఎక్కొచ్చారు.
ఇంజనుకు ఒకే పొట్ట కింద రెండు జతల కాళ్ళు.
ముందుకాళ్ళు మలుపు తిరిగాక గానీ
వెనకకాళ్ళకు తెలియదు.
వెనక సిలిండర్లు తాగి వదిలిన ఆవిరే
ముందు సిలిండర్లకు తిండి.
ఎంగిలి ఆవిరితోనే సగం కొండ ఎక్కుతుందది.

బాయిలర్‌లో స్టే బోల్టులు మూడువందల చిల్లర.
నేను సుత్తితో తట్టాలి.
ఆయన అడవి ఆలివ్ కర్ర ఒక కొస ఇనుముకు ఆనించి
రెండో కొస పళ్ళమధ్య కరిచిపట్టి
కళ్ళు మూసుకుంటాడు.
ఉన్నవి అయిదు పళ్ళు.
టంగ్. తల ఊపుతాడు.
టంగ్. తల ఊపుతాడు.
మధ్యాహ్నం దాకా ఇదే.

రెండొందల పదకొండో బోల్టు దగ్గర కర్ర తీసేశాడు.
"చచ్చింది."
నాకు అన్నిటిలాగే మోగింది, ఒట్టు.
తొలిచి లాగితే లోపల పగులు,
గుడ్డు పెంకు మీది వెంట్రుకంత.
తలమీద చేప గుర్తు, ఉలితో చెక్కింది.
చొక్కాకు తుడిచి చాలాసేపు చూశాడు.
"ఈ వెధవెవడో నాకు తెలుసు.
పెళ్ళయిన మర్నాడే పనిలోకొచ్చాడు,
నిద్ర మొహం వేసుకుని."
కాఫీ కుండ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ లెతెబ్రహాన్
కొంగుతో మూతి కప్పుకుంది.

పొయ్యి వెలిగించి రైలు దించిన రోజు
ఆయన ఎక్కనన్నాడు. ఎక్కితే వినపడదట.
మంచు లోయలోంచి లేచి
చివరి బోగీని కూడా మింగేశాక
మోకాళ్ళ మీద వంగి, కర్రను పట్టాకు ఆనించి
మాకు కబుర్లు చెప్పడం మొదలెట్టాడు.
"అర్బరోబా దగ్గర నీళ్ళు పడుతున్నారు.
కదిలింది.
బ్రేకు వేసేవాడు కొత్తవాడు, కంగారు."
తర్వాత చాలాసేపటికి, "నెఫాసిత్."
అంత దూరం, అన్ని జాయింట్లు,
కొన్నిచోట్ల బోల్టులు కూడా మేమే తక్కువేశాం.
ఇనుము అంతదూరం మాట మోస్తుందా?
నేనడగలేదు. ఎవరూ అడగలేదు.

పక్కనే లెతెబ్రహాన్ గింజలు వేయించి, దంచి,
రెండు విడతలు కాచింది.
మూడోది చల్లారుతోంది రమ్మని
చెవిలో ఇల్లు కట్టుకుని పోరినా ఆయన తిరగడు.
ఆమె దంచే రోకలి తీసుకుని
పట్టాను ఒక్కటి కొట్టింది.

ముసలాయన దవడ పట్టుకుని లేచాడు.
వెనక్కి చూడకుండానే
"వస్తున్నా" అన్నాడు.