దీన్లో చెట్టు లేదు

ఆదోనిలో బండి రెండే నిమిషాలు ఆగుతుంది.
ఒక భుజానికి బ్యాగు, ఇంకో చేతిలో
జిప్పున్న ప్లాస్టిక్ సంచి.
దాని మీద మంచులో నవ్వుతూ ఒక తెల్లపిల్ల.
ఆమెతో పాటు దిగినాను, తెల్లవారుజాము నాలుగున్నరకి.

మార్కెట్ యార్డు దారెంట తుమ్మకంపలకి దూది.
పోయే ట్రాక్టర్లనుంచి ముళ్లు వసూలు చేసుకున్న సుంకం.
చిన్నప్పుడు నేనూ దస్తగిరీ
ఆ ముళ్లతో పోట్లాడి పావుకిలో ఏరుకొచ్చేవాళ్లం,
నాయన దాన్నీ ఏకి ఎవరి దిండులోనో కలిపేవాడు.
మా చేతుల మీది గీరలు
ఇప్పుడు ఎవరి తలకాయి కింద ఉన్నాయో.

"సెలవులకి ఏం చేస్తావు?" అని హాస్టల్లో అడిగితే
"నిద్రపోతా" అన్నాను.
పూర్తిగా అబద్ధం కాదు.
ఊరంతా చలికి ముడుచుకునే నెల
మాకు సీజను.
ఊరి నిద్రంతా మా వసారాలోనే కుట్టాలి.

తలుపు తీసే ఉంది. బల్బు చుట్టూ నూగు ఎగురుతోంది.
అమ్మ సగం కుట్టిన పరుపు మీద కూర్చుని
నోట్లో దబ్బనం పట్టుకుని ఉంది,
కనుబొమ్మలతోనే రమ్మంది,
కనుబొమ్మలతోనే చిక్కిపోయినావంది.
నాయన రెప్పలు తెల్లగా.
ముసలితనమేమో అని ఒక్క క్షణం భయపడ్డాను.
తుడుచుకున్నాడు, నల్లబడినాయి.
ఏకే విల్లు గోడకెక్కి ఆరేళ్లయింది.
నరం వదులు చేసి పెట్టినాడు,
వాడకపోయినా బిగువుగా ఉంచకూడదంట.

నిజానికి తుంగభద్ర వంతెన మీదే తట్టింది నాకు
ఎవరికి ఏం తీసుకుపోతున్నానో.
మొదటి స్టైపెండు, కొనేటప్పుడు
నాయనకి చలి అనే అనుకున్నాను,
నాయన పని గుర్తే రాలేదు.
సంచిని బండిలోనే మరిచిపోదామనుకున్నాను.
మరుపు రాలేదు.

"నీకే నాయనా."
జిప్పు చప్పుడుకి మిషను ఆపినాడు దస్తగిరి.
నాయన చేత్తో నిమిరి చూసినాడు, వాసన చూసినాడు,
కుట్టు ఎక్కడ మొదలయిందో వెతికినాడు
డాక్టరు నాడి వెతికినట్టు.
బ్లేడుతో నాలుగు కుట్లు విప్పి
చిటికెడు బయటికి లాగి
అగ్గిపుల్ల గీసినాడు.
దూదైతే బూడిద కావాల.
ఇది ముడుచుకుని, కరిగి, నల్లపూసయింది.

"దీన్లో చెట్టు లేదు పాపా."

కోపంగా కాదు. ఊరి పేరు చెప్పినట్టు చెప్పినాడు.
విప్పిన నాలుగు కుట్లూ మళ్లీ తనే వేసినాడు,
మిషను కుట్టు కంటే దగ్గర దగ్గరగా.
"యెంత పెట్టినావు?"

పద్దెనిమిది వందలు. తిడతాడని
"ఏడొందలు" అన్నాను.

ఎవరూ మాట్లాడలేదు.
నాయన వేళ్లు మడుస్తున్నాడు.
దూది ఇంత, గలీబు గుడ్డ ఇంత, దారం,
కరెంటు, ఇద్దరి కూలి.
వేళ్లు అయిపోయినాయి. లెక్క అయిపోలేదు.
"ఏడొందలకే ఇస్తే," అన్నాడు, నాతో కాదు,
"ఇంగ మన గడప ఎవరు తొక్కుతారు?"
అమ్మ నోట్లోంచి దబ్బనం తీసింది.
ఏదో అనబోయి మళ్లీ పెట్టుకుంది.

పగలంతా కుట్టినాను. రెండు సార్లు వేలికి గుచ్చుకుంది.
చదువుకున్న వేళ్లు, తొందరగా రక్తం వస్తుంది.
ఉగ్గాని పెట్టిన తట్టలో కూడా నూగే,
ఊదుకుని తిన్నాం, ఎప్పట్లాగే.

రాత్రి నాయన దాన్నే కప్పుకున్నాడు.
వద్దన్నా వినలేదు.
దూదికి చప్పుడు ఉండదు,
ఇది మనిషి కదిలినప్పుడల్లా గరగరమంటుంది.
అందుకే తెలిసింది,
పన్నెండు దాటినా ఆయన నిద్రపోలేదని.

చీకట్లోకి అన్నాను:
"నాయనా, పద్దెనిమిది వందలు."

గరగర ఆగింది.

"తెలుసులే. చీటీ సంచిలోనే ఉంటే
దస్తగిరి సదివినాడు."
కాసేపటికి, నవ్వో దగ్గో తెలీకుండా,
"పండుకో మాబున్నీ.
పొద్దున ఆరు పరుపులున్నాయి."