వీడు కాదు

ఉలాన్‌బాతర్, జనవరి.
బయట సున్నాకి ముప్పైనాలుగు కింద.
అంబులెన్సులో మీటరు పనిచెయ్యలేదు,
తెర మీద చిన్న థర్మామీటరు బొమ్మ చూపించి ఊరుకుంది.
యంత్రానికీ చలే.
నర్సు ఓయున్‌గెరెల్ దాన్ని స్వెటర్ లోపల
పిల్లిపిల్లని దాచినట్టు దాచుకుని
మెట్లెక్కింది.

మంచం మీద ఆరేళ్ళవాడు.
ఏడుపు లేదు.
లోతు బావిలోంచి చేదతో తోడుతున్నట్టు ఊపిరి,
నోటి దగ్గర మగ్గిన ఆపిల్ వాసన.
పేరేమిటంటే నాయనమ్మ గొంతు తగ్గించింది:
ఎనెబిష్.
"వీడు కాదు" అని అర్థం.
వీడికి ముందు ఇద్దరు పోయారు.
మూడోవాణ్ణి వెతుక్కుంటూ వచ్చేదానికి
దారి తప్పాలని.
మన పెంటయ్యలూ పుల్లయ్యలూ
ఇలాంటి అబద్ధం చాటునే కదా బతికి బట్టకట్టారు.

"వారం నుంచి ఒకటే దాహం," అంది దులమ్‌సురేన్.
"పాలటీ గిన్నెలకు గిన్నెలు.
మంచు కరగబెడితే ఆ నీళ్ళు కూడా.
ఎంత బాగా తాగుతున్నాడో అని మురిసిపోయాను.
మొన్న క్లినిక్‌లో ఫ్లూ అన్నారు."

వేలి కొసని అరచేతిలో వెచ్చబెట్టి
గుచ్చింది.
మొదటి చుక్కని తుడిచేసింది.
రెండోది, ఆవగింజంత.
పట్టీ అంచు తనంతట తానే పీల్చుకుంది.
ఐదు, నాలుగు, మూడు
అంకె రాలేదు.
అంకెలకు పైన, అని వచ్చింది.
ఇంకో పట్టీ: కీటోన్లు ఆరు పాయింట్ రెండు.
అరచేతిలో పట్టే పెట్టెకి మరో మూడు చుక్కలు, రెండు నిమిషాలు:
నెత్తురు పులిసిపోయింది.

పేరు ఎవరినైనా ఏమార్చొచ్చు.
చుక్కకి వాడి పేరు తెలియదు.
వీడే, అంది.

ఇక పరుగులే అనుకుంది ముసలామె.
లేవు.
డాక్టర్ గన్‌జోరిగ్ సెలైన్ చక్రాన్ని బొటనవేలితో సగం మూసి
"మెల్లిగా," అన్నాడు, "రేపు రాత్రి దాకా.
తొందరపడితే మెదడు ఉబ్బుతుంది."
ఇన్సులిన్ కూడా గంట ఆగాకే.

గంటగంటకీ ఒక వేలు.
ఎడమ చెయ్యి అయిపోయాక కుడిది.
నాలుగింటికి మీటరు తొలిసారి నోరు విప్పింది:
ఇరవై ఆరు.
అంత పెద్ద అంకెకి నర్సు ఎందుకు నవ్విందో
దులమ్‌సురేన్‌కి అర్థం కాలేదు.

కిటికీలో బొగ్గుపొగ తెల్లబడుతుంటే
వాడు కళ్ళు తెరిచి
నీళ్ళు, అన్నాడు.
గిన్నె కోసం చటుక్కున లేచిన నాయనమ్మ
సగంలో ఆగి
నర్సు మొహంలోకి చూసింది.