చెవి లేని తాళం

జూలై. మాంటెవీడియోలో చలికాలం.
నది మీంచి వచ్చే గాలికి
నా కొట్టు బోర్డుకు వేలాడే ఇనుప తాళంచెవి
పొద్దుటి నుంచీ గోడకు కొట్టుకుంటూనే ఉంది.

నెలిదా ఎచెగోయెన్ వచ్చింది, నల్ల శాలువాతో.
తాళం తియ్యాలి, అంది.
ఏం తలుపమ్మా, అన్నాను.
తలుపు కాదు, కంప్యూటర్.

నలభై ఒక్క ఏళ్ళుగా ఇదే పని నాది.
బీరువాలు, నగల పెట్టెలు, ఒకసారి ఒక అకార్డియన్ పెట్టె,
లోపల బిడ్డా, పొయ్యి మీద పాలూ, బయట తల్లీ
ఉండిపోయిన తలుపులు లెక్కలేనన్ని.
కళ్ళు మూసుకుని
లోపలి పళ్ళు ఒక్కొక్కటే ఒప్పుకోవడం వినేవాణ్ణి.
నవ్వొచ్చింది గాని నవ్వలేదు.
సంచి తీసుకుని ఆమె వెంట నడిచాను.

మూడో అంతస్తు, లిఫ్టు లేదు.
ఆయన పోయి ఐదు వారాలట.
టెలిఫోన్ కంపెనీలో లెక్కలు రాసి రిటైరై
వాయిదాల మీద కొన్నాడట దీన్ని.
ఇంకా పదకొండు కట్టాలి.

తెర మీద చిన్న పెట్టె. ఆయన పేరు,
కింద పాస్‌వర్డ్‌కు ఖాళీ గడి.
పెళ్ళి తేదీ కొట్టింది. కాదంది.
చచ్చిపోయిన కుక్క పేరు. కాదంది.
నా పేరు మొదటి రోజే కొట్టి చూశాను, అంది
కిటికీ వైపు తిరిగి.

అలవాటు చొప్పున చెవి ఆనించాను.
ఫ్యాను రొద తప్ప ఏమీ లేదు.
పళ్ళు లేవు, స్ప్రింగు లేదు,
ఒప్పుకునేందుకు లోపల ఎవరూ లేరు.
చెవి లేని తాళాన్ని
నా జన్మలో చూడలేదు.

వీధి చివర సైబర్ కేఫ్ కుర్రాణ్ణి పిలుచుకొచ్చాను.
పేరు వాషింగ్టన్. మా దేశంలో అది మనుషుల పేరే.
పంతొమ్మిదేళ్ళు, గోళ్ళు కొరుక్కుంటాడు.
కూర్చోను కూడా లేదు.
వంగి, క్యాన్సిల్ అన్నచోట నొక్కాడు.
తెరుచుకుంది.

ఇంతేనా?
ఇంతేనండి, అందరికీ తెలిసిందే.
వద్దు అంటే చాలు, లోపలికి రానిస్తుంది.
ఇది తాళం కాదు, తాళం బొమ్మ.

డెబ్బై అయిదులో ఒక రాత్రి
నన్ను జీపులో ఎక్కించుకుపోయారు.
ఏ వీధో చెప్పను.
ఆకుపచ్చ తలుపు, ఫ్రెంచి తాళం.
దొంగ చేతికి తాళాలిచ్చినట్టు అంటారు గానీ
నేనిచ్చింది తాళాలు కాదు, నా చేతులు.
నాలుగు నిమిషాలు పట్టింది.
మూడో పన్ను పడుతుండగా
లోపలెవరో కుళాయి కట్టేశారు.
వద్దు అనే మీట ఆ రాత్రి
నా నోట్లోనూ ఉండే ఉంటుంది.

ఇంతలో మోడెమ్ తనంతట తానే ఫోను తిప్పింది,
కీచుమని అరిచి, గొంతు సవరించుకుని, సద్దుమణిగింది.
ఉత్తరాల పెట్టె తెరుచుకుంది.
పాస్‌వర్డ్ ఉండాల్సిన చోట ఏడు చుక్కలు
ముందే పెట్టి ఉన్నాయి.
గుర్తుంచుకోమని దీనికి చెప్పి పెట్టుకున్నాడు ఆయన, అన్నాడు వాషింగ్టన్.

పోయిన మనిషికి ఉత్తరాలు దిగుతున్నాయి.
ఇరవై రెండు. ముప్పై. ముప్పై ఆరు.
పంపినవాళ్ళ పేర్లు పైకి జరుగుతుంటే
వాషింగ్టన్ తన బూట్లు చూసుకున్నాడు,
నేను సంచి జిప్పు చూసుకున్నాను.

ఆపండి, అందామె.
మళ్ళీ వెయ్యండి తాళం.

ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం.
వెయ్యడానికి అక్కడేం లేదు.
ఆమే వంగి, గోడలోంచి ప్లగ్గు పీకేసి
తెర మీద అల్లికల గుడ్డ కప్పింది,
అంచులు సరిచేసింది.

రసీదు పుస్తకంలో
ఏ రకం తాళం అన్న గడి ఖాళీగా వదిలేశాను.
డబ్బు తీసుకోలేదు అని చెబితే బాగుండును.
సగం తీసుకున్నాను.

ఆ సాయంత్రం కొట్టు మూసి
తాళం రెండుసార్లు లాగి చూశాను.
సగం వీధి నడిచి
వెనక్కి వచ్చి
మళ్ళీ లాగాను.