పదకొండు సెకన్ల దగ్గు

మా కాలేజీ టీవీకి మూఢమే మంచి రోజులు.
ముహూర్తాలు మొదలైతే కెమెరా మాది కాదు,
మస్తాన్‌వలి వాళ్ళ మామది.
కొత్తపేటలో ఫొటో స్టూడియో ఆయనకి.
మాఘమాసమంతా గుంటూరులో ఏం జరిగిందో
మా హాస్టల్ మెస్‌కి తెలిసేది కాదు.

పద్నాలుగో నంబరు గది, విరిగిన బల్లలు పడేసేది.
బయటి రొద లోపలికి రాకుండా
మిర్చి యార్డు నుంచి ఖాళీ గోతాలు తెచ్చి
గోడలకి మేకులేసి కొట్టాం.
రొద ఆగింది. ఘాటు ఆగలేదు.
అందుకే రికార్డింగప్పుడు ఫ్యాను వేయకూడదని రూలు.
రాసి తలుపుకి అంటించింది నేనే.

ఒక కేబులు కిటికీ దూకి
వేపకొమ్మ మీద కాస్త ఆగి
మెస్‌లో ఒక టీవీకి,
ఆడపిల్లల వెయిటింగ్ రూములో ఇంకో టీవీకి.
అంతే మా ప్రసారం.
గాలి వీస్తే అదీ సగమే.

సువార్త వార్తలు చదివేది.
పేరు చూసే తీసుకున్నారని అందరూ ఏడిపించేవాళ్ళు.
పెదనందిపాడు పిల్ల.
ల-కీ ళ-కీ మధ్య వెంట్రుకవాసి తేడా
ఆ గొంతులో వినపడేది.
నేను చార్టు వెనక స్కెచ్ పెన్నుతో రాసి
కెమెరా కింద మోకాళ్ళ మీద కూచుని పట్టుకునేవాణ్ణి.
ఆమె చూపు ఎప్పుడూ జానెడు కిందికి ఉండేది.
చూసేవాళ్ళు సిగ్గనుకునేవాళ్ళు.
అది నా చేతిరాత.

ఆ రోజు ఏప్రిల్. ప్రాక్టికల్స్ ముందు.
నుదుటి చెమట పౌడరుని కాలవలుగా కోస్తోంది.
చూడలేక లేచి ఫ్యాను వేశాను.
మూడో వార్త మధ్యలో పట్టుకుంది దగ్గు.
మొదట ఒకటి, మర్యాదగా, పిడికిట్లోకి.
తర్వాత గదంతా.
మస్తాన్‌వలి కెమెరా ఆపలేదు.
ఎందుకు ఆపలేదురా అంటే
"ఫోకస్ బాగా కుదిరింది" అన్నాడు.

ఇప్పుడు వాడు హైదరాబాదులో సీరియల్సుకి ఫోకస్ పడతాడు.
అత్తగారి ముక్కుపుడక నుంచి కోడలి కన్నీటికి,
మళ్ళీ వెనక్కి, రోజుకి పన్నెండు గంటలు.
కోటిరత్నం కామెడీ షోలో రెండో వరసలో కూచుని నవ్వుతుంది.
రోజుకి ఇంతని, భోజనం వాళ్ళదే.
క్యాంటీన్ కబుర్లు చెప్పిన వీరరాఘవులు
హీరోకి స్నేహితుడు. ఇరవయ్యేళ్ళుగా స్నేహితుడే.
హీరోలు మారారు.

నేను చప్పుళ్ళు చేస్తాను.
చీకటి గదిలో తెర చూస్తూ
హీరో నడిస్తే ఇసుక తొట్లో నడుస్తాను.
వానకి చేటలో బియ్యం చెరుగుతాను.
ఎముక విరగాలంటే ములక్కాడ.
దగ్గు కావాలంటే మాత్రం
ఆ పాత క్యాసెట్లోంచి పదకొండు సెకన్లు.
క్షయతో పోయే తండ్రికి, పొగలో చిక్కిన పాపకి,
కోర్టు సీనులో వెనక బెంచీ మీద ఎవరో ఒకరికి,
శ్రుతి కాస్త పెంచి, కాస్త దించి,
అన్నీ సువార్తే.
పద్దెనిమిది సినిమాలు. పేరెక్కడా పడలేదు.
నాది పడింది, హాలు ఖాళీ అయ్యాక.

మొన్న నంబరు దొరికింది.
పొన్నూరు దగ్గర గురుకులంలో తెలుగు చెబుతోందట.
ఇన్నేళ్ళ దొంగతనం ఫోన్లో ఒప్పుకున్నాను.
అవతల బడి గంట మోగి ఆగేదాకా ఏమీ అనలేదు.
"అన్నీ చచ్చిపోయే పాత్రలేనా?
బతికినవాళ్ళెవరైనా ఉన్నారా?"
ఒకళ్ళిద్దరు బతికారన్నాను.
"ఇంతకీ ఆ రోజు ఫ్యాను వేసిందెవరు?"
అప్పుడే కరెంటొచ్చిందేమో అన్నాను.

అది నమ్మిందో లేదో.
"ఆఖరి చార్టు చదవనే లేదు నేను. ఏం రాశావు దాంట్లో?"
నాకు గుర్తుంది. నీలం పెన్ను, రెండు వరసలు:
రేపటి నుంచి ఆడపిల్లల హాస్టల్ రెండో అంతస్తుకి
మంచినీళ్ళు వస్తాయని ప్రిన్సిపాల్ గారు తెలిపారు.

పెద్దగా నవ్వింది. నవ్వు చివర కాస్త దగ్గింది.
"చదవకపోవడమే మంచిదైంది.
మా బ్యాచ్ వెళ్ళిపోయేదాకా బకెట్లు మోశాం."